మూల ఇంటి తలుపు

మూల ఇంటి ముందు రేణు ఆగబోయింది. మరిది కౌశిక్ ఆగనివ్వలేదు.

"ఓటర్ల లిస్ట్‌లో ఈ ఇంటిది మనవాళ్ల పేరు కాదు వదినా. టైమ్ వేస్ట్, పద."

వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్న ముసలి తెల్లాయన చెయ్యెత్తాడు. ఆయన కాళ్ల దగ్గర మూడుకాళ్ల కుక్కొకటి తోకాడించింది.

రేణు చెయ్యూపి ముందుకు నడిచింది.

అమెరికాలో, బెంటన్‌విల్‌కి అవతల ఆ చిన్న ఊళ్లో, సిటీ కౌన్సిల్ మూడో డిస్ట్రిక్ట్‌కి, అంటే మూడో వార్డుకి, ఆమె నిలబడింది.

అంతకుముందు మనవాళ్లలో పెద్దాయన శేషగిరిగారు రెండుసార్లు నిలబడి, రెండుసార్లూ ఓడారు. మన తెలుగువాళ్ల ఇళ్లన్నీ ఒక్కచోటే ఉన్నా డిస్ట్రిక్ట్ గీతలు వాటి మధ్యనుంచే పోయేవి. ఓట్లు ముక్కలైపోయేవి.

కిందటేడు ఆ గీతలు మార్చారు. మన వీధులన్నీ మూడో డిస్ట్రిక్ట్‌లోకి వచ్చాయి. మార్చేముందు జనం మాట వినడానికి పెట్టిన హియరింగ్‌లో శేషగిరిగారు గట్టిగా మాట్లాడబట్టే అది జరిగిందని అందరూ చెప్పుకున్నారు.

ఈసారీ ఓడితే ఇక మనవాళ్లెవరూ నిలబడరని రేణుకి తెలుసు. ఆ దిగులుతో తిండి సయించేది కాదు.

అక్టోబర్‌లో ఒక సాయంత్రం ముసలాయన కర్ర పట్టుకుని గడ్డి అంచుదాకా వచ్చాడు.

"ఎప్పుడూ ఈ దారినే పోతారు. నా తలుపు కొట్టరేం?"

ఆ మాటలో నవ్వుంది, నిష్ఠూరమూ ఉంది.

పై వారం తప్పకుండా వస్తానంది రేణు. ఇంకో వీధి మిగిలే ఉంది. పొద్దు గుంకుతోంది.

పై వారానికి వరండాలో కుర్చీ ఉంది, మనిషి లేడు. కుక్కా లేదు. ముసలాయన పోయాడని పక్కింటివాళ్లు చెప్పారు.

కౌశిక్ పాపం అనుకుని, లిస్ట్‌లో తర్వాతి ఇల్లు చూశాడు.

రేణు గెలిచింది. బొటాబొటీగా.

గెలుపు విందులో రేణు శేషగిరిగారికి శాలువా కప్పబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టారు.

"నాకొద్దమ్మా. ఆ హియరింగ్‌కి నేను వెళ్లలేదు. రాజీవ్ వెళ్తాడనుకున్నాను."

మన వీధుల్లోనే ఉండే రాజీవ్ అక్కడే తల దించుకున్నాడు. పెద్దాయన వెళ్తారు కదా అని తను ఆఫీస్ కాల్‌లో కూర్చుండిపోయాడట. కౌశిక్‌ని అడిగితే, వాళ్లిద్దరూ వెళ్లారనే అనుకున్నానన్నాడు.

ఎవరికి వాళ్లు ప్లేట్లలోకి చూసుకున్నారు. శాలువా మడత విప్పకుండానే రేణు చేతిలో ఉండిపోయింది.

ప్రమాణ స్వీకారం నాడు కూడా అది ఆమె బ్యాగ్‌లోనే ఉంది.

కార్యక్రమం అయ్యాక, కౌన్సిల్ ఆఫీస్‌లో ఏళ్ల తరబడి పనిచేస్తున్న డోనాని పక్కకి పిలిచి అడిగింది. ఆ రోజు హియరింగ్‌లో మావాళ్ల తరఫున మాట్లాడిందెవరని.

"మీవాళ్లెవరూ రాలేదు," అంది డోనా. "ఒక్క వాల్టర్ వచ్చాడు. ఊపిరందక ఆగి ఆగి మాట్లాడాడు. వాళ్లు మా వీధివాళ్లు, విడదీయకండి అన్నాడు. కమిటీ ఆయన మాట విని గీత జరిపింది."

రేణు బ్యాగ్ మీద చెయ్యి వేసుకుని, వాల్టర్ ఎక్కడుంటాడని అడిగింది.

"పోయాడు. ఆయన కుక్కని నేనే తెచ్చుకున్నాను," అంది డోనా. "ఎవరు తలుపు కొట్టినా, పాపం, ఆ మూడు కాళ్లమీదే లేచి పరిగెత్తుతుంది."