చిన్నక్క ఇంటి బొమ్మ

"ఇది మా ఇల్లు కాదు బచ్చప్పా" అంది చిన్నక్క.

ఒళ్ళో పెట్టుకున్న చెక్కపలక మీద రంగులింకా పూర్తిగా ఆరలేదు. బచ్చప్ప ఊరిగాంలో అంగళ్ళకు బోర్డులు రాస్తాడు. అడిగితే దేవుళ్ళ బొమ్మలూ వేస్తాడు. ఉన్న ఇంటిని గీసిమ్మని అడిగింది మాత్రం ఈమె ఒక్కతే. అందుకే వీధిలో పీట వేసుకుని, తలకు తువ్వాలు చుట్టుకుని, ఉన్నది ఉన్నట్టు దించాడు. రేకుల కప్పు, గాలికి రేకులు లేచిపోకుండా పైన పెట్టిన రాళ్ళు, గోడ మీద గని కంపెనీవాళ్ళు తారుతో రాసిన నంబరు, కిటికీకి కట్టిన గోనెపట్ట, గడప మీద కూర్చున్న చిన్నక్క. ఏదీ వదల్లేదు.

"నంబరు తప్పుండాదా?"

"నంబరు సరిగ్గానే ఉండాది."

"నీ ముఖం ముసలిదిగా పడిందా? చెప్పమ్మా, పదేండ్లు తగ్గిస్తాను."

"ముఖం సంగతి నాకేం తెలుసు. దాన్ని నేను చూసుకునేది ఎప్పుడు?"

చిన్నక్క పలకను దూరంగా పట్టుకుని చూసింది, దగ్గరగా పెట్టుకుని చూసింది. తప్పేమిటో ఆమెకే తెలియలేదు. ఎవరో ముక్కూముఖం తెలియనివాళ్ళ గడప మీద తాను పోయి కూర్చున్నట్టుంది.

మర్నాడు పొద్దున లారీ వస్తుంది. కొడుకు జయరాంకు వేమగల్‌లో ఫ్యాక్టరీ పని దొరికింది, అక్కడే అద్దెకు రెండు గదులు చూశాడు. బంగారు గని మూతపడిన తరువాత, కూలీలకు కట్టిన ఈ లైన్‌లో ఒక్కో ఇల్లూ ఖాళీ అవుతూనే ఉంది. ఇప్పుడు వీళ్ళ వంతు. బొమ్మ ఎందుకమ్మా, ఫోన్‌లో ఫోటో తీసిస్తానని జయరాం అన్నాడు. ఫోను చెడిపోతే దాంతో పాటు ఇల్లూ పోతుందని ఆమె ఒప్పుకోలేదు.

ఎదురింటి వాకిట్లో గంగులమ్మ కూర్చునుంది. కొళాయి దగ్గర వంతు కోసం మాటామాటా పెరిగినప్పటి నుంచి ఆమెకూ చిన్నక్కకూ మాటల్లేవు. చెప్పాల్సిందేమైనా ఉంటే గంగులమ్మ తన కోడికి చెబుతుంది.

"వింటివా, ఇల్లు కాదంట" అంది కోడితో. "ఉండే ఇంటిని గుర్తుపట్టలేనోళ్ళు లారీ ఎక్కి యాడికి పోతారో ఏమో."

ఈ వీధిలో మనుషులకన్నా కోళ్ళకే చెవులు ఎక్కువని చిన్నక్క పక్కనున్న చేటతో చెప్పింది. బచ్చప్ప వచ్చిన నవ్వును మింగి, బేజారుగా ముఖం పెట్టాడు. రంగు ఎక్కువైందంటే తగ్గిస్తానన్నాడు, గోడ పాతబడిందంటే సున్నం కొట్టినట్టు చేస్తానన్నాడు. దేనికీ ఆమె తల ఊపలేదు. చివరికి అతనికి కోపం వచ్చింది.

"వీధిలో ఎవరినన్నా పిలిచి అడుగమ్మా, ఇది నీ ఇల్లా కాదా అని."

"వాళ్ళకు తెలిస్తే నాకేమొచ్చింది నాయనా. నేను పుట్టిన ఇల్లు కుప్పం పక్కన. పెండ్లయి ఈడికి వచ్చినప్పుడు, దాన్ని యాడ మరిచిపోతానులే అనుకున్నాను. ఇప్పుడు కండ్లు మూసుకుంటే దాని వాకిలి కూడా కానరాదు. ఇదీ అట్లనే పోతుందని నాకు భయం. అందుకే నిన్ను పిలిపించినాను."

బచ్చప్ప కోపం దిగిపోయింది. పలకను ఆమె చేతిలో నుంచి తీసుకుని గోడకు ఆనించాడు. కాసేపు ఆలోచించి అడిగాడు.

"ఇంటి దగ్గరుంటే నువ్వు యాడ కూర్చుంటావమ్మా?"

"ఇంగ యాడ? ఈ గడప మీదే. పొద్దున కాఫీ ఈడే, బియ్యం ఏరేది ఈడే, ఒళ్ళు బాగలేకున్నా ఈడే."

"ఎప్పుడన్నా వీధిలో నిలబడి చూస్తివా, నీ ఇల్లు ఎట్లుండాదని?"

"నా ఇంటిని నేను వీధిలో నిలబడి చూస్తానా? నాకేం పని లేదా?"

బచ్చప్ప వచ్చి ఆమె పక్కన గడప మీద కూర్చున్నాడు. ఆమె చూసే వైపే తానూ చూశాడు. తరువాత సంచిలో నుంచి ఇంకో పలక తీసి, నువ్వు లోపలికి పోయి సామాను కట్టుకోమ్మా అన్నాడు.

చిన్నక్క లోపలికి పోయి గిన్నెలు మూట కట్టింది. దేవుడి పటాలను పాత చీరలో చుట్టింది. మేకులు పీకిన చోట గోడలు బోసిగా కనిపించాయి. సాయంత్రమంతా పని చేస్తూనే చెవులు వీధి మీద పెట్టింది. గంగులమ్మ కోడి మీద వేసే మాట ఒక్కటీ లోపలికి వినిపించలేదు. పోయేదాన్ని ఇంకెందుకు తిట్టాలని ఊరుకుంది కాబోలు అనుకుంది. అలా అనుకుని, కట్టిన మూటనే విప్పి మళ్ళీ కట్టింది.

పొద్దున సామాను ఎక్కించడం అయ్యేసరికి బచ్చప్ప పాత పేపర్లలో చుట్టిన పలకతో వచ్చాడు. ఇది కూడా కాదంటే ఇంగ నా చేత కాదమ్మా అని ముందే చెప్పాడు. జయరాం తొందరపెడుతున్నాడు. చిన్నక్క లారీ ముందు సీటులో కూర్చుని పేపర్లు విప్పింది.

చూస్తూ ఉండిపోయింది. కొంగుతో కండ్లు తుడుచుకుని మళ్ళీ చూసింది. వేలితో రంగు మీద మెల్లగా నిమిరింది, ఎక్కడ చెరిగిపోతుందోనన్నట్టు. తొంగిచూసిన జయరాం ఏదో అనబోయి, తల్లి ముఖం చూసి ఆగిపోయాడు.

"ఇదేనప్పా" అంది చిన్నక్క. "ఇదే మా ఇల్లు. ఇంగ బండి పోనీ."

పలక మీద, ఎదురింటి గడపలో కూర్చుని, గంగులమ్మ ఆమె వైపే చూస్తోంది.