పగటి కథ

"రాళ్లేరమంటే కథలు చెప్తాండావా? అదీ పట్టపగలు?"

కౌసల్యమ్మ వంటింటి గడపలో నిలబడి కూతుర్ని కసిరింది. వీధి కిటికీ పక్కన కూర్చున్న నీలావతి ఒళ్లోని చాటలో బియ్యం పోసినవి పోసినట్టే ఉన్నాయి. పక్కన చెల్లెలు కమలాక్షి బోర్లా పడుకుని, గడ్డం కింద చేతులు పెట్టుకుని కథ వింటోంది.

"బియ్యం యాడికీ పోవులేమ్మా," అంది నీలావతి.

"బియ్యం పోవు. పగలు కథ చెప్తే మేనమామ దారి తప్పుతాడు. వాడు ఈపాటికి బండి దిగి నడిచొస్తా ఉంటాడు. నోరు మూసుకుని పని చూడు."

పెనుకొండలో పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ వినిపించే మాటే అది. ఇంకో రోజయితే నీలావతి నవ్వేసేది. ఆ రోజు నవ్వు రాలేదు. ధర్మవరం నుంచి మేనమామ గోవిందు పట్టుచీర తీసుకుని పొద్దుటి బండికి వస్తున్నాడు. సాయంత్రం తాంబూలాలు. అక్క కూతుర్ని తమ్ముడికిచ్చేది ఆమె ఉయ్యాలలో ఉన్నప్పుడే అనుకున్న సంగతి. ఎస్సెల్సీ పాసయ్యాక, అనంతపురం పోయి టీచరు ట్రైనింగు చదువుతానని నీలావతి ఒకసారి నోరు విప్పింది. "చదివి?" అన్నాడు తండ్రి ఆదినారాయణ. ఆమె మళ్లీ అడగలేదు.

తల్లి లోపలికి వెళ్లిపోయింది. నీలావతి చాటవంక చూస్తూ కాసేపు కూర్చుంది. నిజంగానే దారి తప్పుతాడా? తప్పితే బాగుండును. చాట పక్కన పెట్టి, ఈసారి కావాలనే గొంతు పెంచి కథ అందుకుంది.

అది అవ్వ చెప్పే కథే. ఒంటిస్తంభం మేడలో రాక్షసుడు దాచిన రాకుమారిని, ఏడు సముద్రాలు దాటివచ్చిన రాకుమారుడు విడిపించి గుర్రమెక్కించుకుని పోతాడు. అవ్వ అక్కడితో ముగించేది. వారపత్రికల్లో నవలలు చదివే నీలావతికి అక్కడ ఆగబుద్ధి కాలేదు. ఆమె కథలో గుర్రం రాకుమారుడి ఊరు చేరింది. అక్కడా ఒక మేడ ఉంది.

"ఈ మేడకు మెట్లుండాయా అని అడిగింది రాకుమారి. మెట్లెందుకు, నీకు కావాల్సినవన్నీ పైనే ఉండాయి కదా అన్నారు అందరూ."

కమలాక్షి ఊ కొట్టలేదు. చూస్తే నిద్రపోయింది. ఊ కొట్టేవాళ్లు లేకపోతే కథ ఆపేయాల్సిందే. నీలావతి మళ్లీ చాట అందుకోబోయింది. అంతలో "ఊ" అని బొంగురుగా, మెల్లగా వినిపించింది. నడిమింట్లో పడుకున్న అవ్వకు మెలకువ వచ్చినట్టుందనుకుంది.

"రాకుమారుడు చెడ్డోడు కాదు. చిన్నప్పుడు లేపాక్షి తిరునాళ్లలో ఆమెను భుజం మీద ఎక్కించుకుని తిప్పినోడే. ఆయనంటే ఆమెకు ప్రాణం. మొగుడనుకుంటేనే ఏడుపొస్తాది. ఆ మాట ఎవరితో చెప్పాలో తెలీలేదు."

ఈసారి ఊ రావడానికి చాలాసేపు పట్టింది.

రాకుమారి తన పట్టుచీరలన్నీ ముడేసి, కిటికీలోంచి దిగి, ఒక్కతే నడుచుకుంటూ పోయిందని కథ ముగించి నీలావతి లేచింది.

మధ్యాహ్నమైంది. గోవిందు రాలేదు. వడ్డించిన విస్తరి అలాగే ఆరిపోయింది. ఆదినారాయణ స్టేషనుకు పోయి వచ్చాడు. బండి వేళకే వచ్చి పోయిందట. గోవిందును చూసినవాళ్లు లేరట. ఎండ వాలేసరికి కౌసల్యమ్మ వీధి గుమ్మం పట్టుకుని కూలబడింది. కదిలే బండి దిగబోయి పడ్డాడేమో, ఎండదెబ్బకు ఏ దోవలో ఒరిగిపోయాడో అని ఏడుస్తూ కూతురివైపు తిరిగింది.

"వద్దంటే ఇనకపోతివి. ఉన్న ఒక్క తమ్ముణ్ణీ నోటితో పోగొడితివి."

నీలావతికి తిరునాళ్లలో తాను పట్టుకున్న మామ జుట్టు, ఆ తలనూనె వాసన గుర్తొచ్చాయి. దేవుడి గూటి ముందు కూర్చుని చేతులు జోడించింది. మామ ప్రాణాలతో ఇల్లు చేరితే చాలు, మారుమాట లేకుండా ఆయన్నే చేసుకుంటానని మొక్కుకుంది.

దీపాలు పెట్టే వేళకు గోవిందు వచ్చాడు. చెప్పుల నిండా దుమ్ము, చంకలో చీర మూట. ధర్మవరంలో పొరపాటున పాకాల బండి ఎక్కి కదిరి దాకా పోయొచ్చానన్నాడు. కౌసల్యమ్మ తమ్ముడికి దిష్టి తీసి, కూతుర్ని ఒక చూపు చూసింది.

భోజనాలకు కూర్చున్నారు. తాంబూలాల వేళ దాటిపోయింది కాబట్టి ఆ పని రేపు పొద్దున్నే కానిద్దామన్నాడు ఆదినారాయణ. ఓళిగలు వడ్డిస్తున్న నీలావతి తండ్రి విస్తరి ముందు ఆగింది.

"నాయనా, మామను చేసుకునేది నాకు సమ్మతమే. ట్రైనింగు మాట ఇంక ఎత్తను."

కౌసల్యమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. గోవిందు చేతిలోని ఓళిగ విస్తట్లో పెట్టేశాడు.

"వద్దు బావా. నేను ఈ పిల్లను చేసుకోను. ఆ చీర కట్టించి అనంతపురం బండెక్కించండి. ఖర్చులు నేను చూసుకుంటా."

ఆదినారాయణ బావమరిది వైపు తిరిగాడు. "ఏమప్పా, దారి తప్పి తిరిగితివి. బుద్ధి కూడా తప్పిందా?"

"దారి తప్పలేదు బావా. పొద్దున్నే వచ్చినా. కొండకాడ కూర్చుని పొద్దు పుచ్చినా." గోవిందు తలెత్తి నీలావతిని చూశాడు. "చిన్నది నిద్రపోయినాక, కిటికీ కింద అరుగు మీద కూర్చుని ఊ కొట్టింది నేనే."