నాలుగో అంతస్తులో ఆదివారాలు

మొదట్లో దినేష్ చేతిలో ఉన్నవి పదకొండు ఆదివారాలు, మూడు పేపర్లు, ఒకసారి తప్పిన అనుభవం.

హైటెక్ సిటీలో ఒక బిల్డింగుకు కరెంటు బిల్లులు చూసే ఉద్యోగం అతనిది. ఎనర్జీ మేనేజర్ పరీక్ష ఈసారి పాసైతేనే అది నిలుస్తుంది. లేకపోతే సర్టిఫికెట్ ఉన్న మనిషిని తెచ్చుకుంటామని పైవాళ్లు ముందే చెప్పేశారు.

పుప్పాలగూడ గదిలో నలుగురుంటారు. చదువు సాగదు. అందుకని ఆదివారాలు ఆఫీసుకే వచ్చి, నాలుగో అంతస్తులో కిటికీల్లేని లోపలి మూల కూర్చునేవాడు.

రెండు వందల కుర్చీలు. మనిషి ఒక్కడే.

కాదు, ఇంకొకరు. హౌస్‌కీపింగ్ బాలమ్మ.

"ఏంది సారు, ఇయ్యాల గూడ వచ్చినవా? తిన్నవా?"

అతను కడప నుంచి వచ్చిన ఏడాదిలో అతన్ని ఆ మాట అడిగింది ఆమె ఒక్కతే. దినేష్ పుస్తకంలోంచి తలెత్తకుండా "ఊఁ" అనేవాడు.

ఆమె మాప్ కర్ర పట్టుకుని అతని పక్క దారిలో అటు వెళ్లేది. కాసేపటికి ఇటు వచ్చేది.

తొమ్మిదో ఆదివారం అతను లెక్క వేశాడు. గంటకు ఆరుసార్లు. ఒక్కోసారికి రెండు నిమిషాల ధ్యాస పోతోంది. ఐదు గంటల చదువులో ఒక గంట నష్టం.

"తుడిచిందే ఎన్నితూర్లు తుడుస్తావ్ బాలమ్మా?"

"దుమ్ము పడ్తది సారు."

"ఆదివారం ఈడ ఎవురు తిరుగుతారని దుమ్ము?"

"నేను తిరుగుత గద," అని నవ్విందామె.

అతనికి నవ్వు రాలేదు. కిందికి వెళ్లి సూపర్‌వైజర్‌కు చెప్పాడు.

"పరీక్ష దగ్గర పడింది సుబ్రహ్మణ్యం గారూ. ఆమెను వేరేచోట వేయండి."

"దానిదేముందండి, రేపట్నుంచి చందానగర్ బిల్డింగుకు పంపేస్తాను. మీరు ప్రశాంతంగా చదువుకోండి."

పదో ఆదివారం అంతస్తంతా నిశ్శబ్దం.

పది నిమిషాలకు లైట్లన్నీ ఆరిపోయాయి. లేచి దారిలోకి వెళితే వెలిగాయి. వచ్చి కూర్చున్న కాసేపటికి మళ్లీ ఆరిపోయాయి.

సరిగ్గా ఇప్పుడే పాడవ్వాలా అని లైట్ల సెన్సర్‌ను తిట్టుకుంటూ, మిగిలిన రెండు ఆదివారాలూ లేస్తూ కూర్చుంటూ చదివాడు.

పాసయ్యాడు.

సర్టిఫికెట్ చేతికొచ్చాక మొదటి పనిగా సుబ్రహ్మణ్యాన్ని పిలిచాడు.

"నాలుగో ఫ్లోరులో సెన్సర్ పోయినట్టుంది. మార్పించండి."

"మొన్ననే చూపించానండి, బాగానే ఉంది. దారిలో మనిషి కదలకపోతే పది నిమిషాలకు లైట్లు ఆరిపోతాయి. కరెంటు ఆదాకని మొదట్నుంచీ అలాగే పెట్టారు."

"మరి ముందు తొమ్మిది వారాలు ఒక్కసారి కూడా ఆరలేదే?"

"ఎవరో ఒకరు నడుస్తూ ఉండుంటారండి."

గంటకు ఆరుసార్లంటే పది నిమిషాలకోసారి అని దినేష్‌కు అప్పుడు లెక్క తేలింది.

"బాలమ్మకు ఆ ఫ్లోరులో ఎంతసేపు పని?"

"గంటండి. మహా అయితే గంటంపావు."

"ఇప్పుడు చందానగర్‌లోనే ఉందా?"

"దూరమని మొదటి వారమే మానేసిందండి. ఇల్లు ఖాజాగూడలో ఎక్కడో. ఫోన్ కూడా కలవట్లేదు."

ఆఖరికి దినేష్‌కు వచ్చింది ఒక సర్టిఫికెట్, ఖాయమైన ఒక ఉద్యోగం. పోయింది, అతని మీద లైటు ఆరకూడదని తొమ్మిది ఆదివారాలు ఊరికే నడిచిన మనిషి.