కండువా కింద చెయ్యి

మామిడి పిందెలు గుప్పెళ్ళ కొద్దీ రాలుతున్నాయి.

పూత మీదే తోట కొనేసిన వ్యాపారి వీరరాఘవయ్య వాగు వైపు చూసి తిట్టాడు.

"తోళ్ళ కార్ఖానా పసుపునీళ్ళు వాగులోకొచ్చి చెట్లని చంపుతున్నాయి. ఆ ఓనరు మొహం ఎప్పుడూ చూళ్ళేదుగానీ, కనపడితే వాడి తోలు ఒలిచి వాడి తొట్లోనే నానేస్తా!"

వాగుగట్టు మీద కూర్చున్న కొత్త మనిషి నవ్వాడు.

"మీ లారీ బ్యాటరీ ఇస్తారాండీ? ఈ నీళ్ళకి మందు చూపిస్తాను."

"నీకిచ్చి, లారీని నేను తోసుకెళ్ళనా?"

"కాయలే లేకపోతే లారీ ఎందుకండీ?"

లెక్క సరిగ్గానే ఉంది. వీరరాఘవయ్య బ్యాటరీ దింపించాడు.

అతను గోలెం నిండా వాగునీళ్ళు పట్టి గుప్పెడు ఉప్పు వేశాడు. పాత బండిచక్రం ఇనప పట్టా ముక్కలు రెండు ముంచి, తీగలతో బ్యాటరీకి కలిపాడు.

"ఏంటయ్యా ఈ కనికట్టు?"

"కరెంటుకి ఇనుము కరిగి, విషాన్ని పట్టుకుని అడుక్కి దిగుద్దండీ."

సాయంత్రానికి గోలెం అడుగున బురద. పైన తేటనీళ్ళు.

వీరరాఘవయ్య ఎగిరి గంతేశాడు.

"కార్ఖానాలో పెద్ద తొట్టి కట్టి ఇదే చెయ్యి! కానీ ఆ దుర్మార్గుడు చెయ్యనిస్తాడా?"

"అడిగి చూస్తానండీ."

"నీ కూలి తేల్చుకో మరి."

మామిడి బేరంలో లాగే ఇద్దరి చేతుల మీదా కండువా కప్పి, ధర తెలపడానికి అతని వేళ్ళు పట్టుకున్నాడు.

వేళ్ళ నిండా గుంటలు.

చటుక్కున చెయ్యి లాక్కున్నాడు. "రోగం ఉందని ముందే చెప్పొద్దూ? దూరంగా నిలబడు!"

అతను మళ్ళీ నవ్వి, బ్యాటరీ లారీలో పెట్టి వెళ్ళిపోయాడు. పేరు కూడా ఎవరూ అడగలేదు.

నెల తిరిగేసరికి కార్ఖానాలో తొట్టి లేచింది, వాగు అడుగున ఇసుక కనపడింది. నిలిచిన పిందెలు ఊరి, కొమ్మలు నేలకి వంగాయి. బెజవాడకి తిరిగి తిరిగి లారీ టైర్లు అరిగాయి. ఆ ఏడు తోటలో కూలివాళ్ళ పాటలు ఊళ్ళోకి వినపడ్డాయి.

కూలి బేరం తెగకుండానే సరుకు అందింది. వ్యాపారికి అంతకన్నా నలిపే లెక్క లేదు.

వీరరాఘవయ్య చిన్నరసాల గంపతో కార్ఖానాకి వెళ్ళాడు.

"తొట్టి కట్టినాయన ఏడయ్యా?" అని గేటు దగ్గరున్న కాపలాదారు ఇన్నయ్యని అడిగాడు.

"బాలశౌరిగారా? నిన్ననే చింతలపూడి వెళ్ళిపోయారండీ. అక్కడ పెట్టే కార్ఖానాలో ముందు ఇలాంటి తొట్టే కడతారంట."

"పాపం, ఆ చేతుల రోగంతోనే..."

"రోగమేంటండీ!" అన్నాడు ఇన్నయ్య. "చిన్నప్పుడు తోళ్ళ తొట్లలో దిగి కూలి చేశారు, ఆ పసుపునీళ్ళు మీ మామిడిచెట్ల కన్నా ముందు తిన్నది మా ఓనరుగారి చేతుల్నేనండీ."