నరసన్న దెబ్బలు

మొదటి ఆవు తొట్టి దగ్గరే కూలింది. కాళ్లు తపతపా కొట్టుకుంది. నోటి నుంచి నురగ కారింది. పక్కదాని కడుపు డోలులా ఉబ్బింది. కాసేపటికి షెడ్డంతా అరుపులే.

నందికొట్కూరు రోడ్డులోని ఆ పెద్ద డెయిరీ ఫారంలో అంత ఘోరం ఎప్పుడూ జరగలేదు. పశువుల డాక్టరు వచ్చి చల్లనీళ్లలో వెనిగర్ కలిపి గొట్టాలతో తాగించాడు. కొన్ని లేచాయి. చాలా ఆవులు లేవలేదు.

"దాణాలో బలానికని కలిపే యూరియా ఎక్కువైంది. మోతాదు దాటితే అది విషమే," అన్నాడు డాక్టరు చేతులు కడుక్కుంటూ.

అప్పుడే జీపు వచ్చి ఆగింది. యజమాని రామకోటయ్య కొడుకు తేజేశ్వర్ దిగాడు. వెనకాలే ముగ్గురు మనుషులు. ఇద్దరి చేతుల్లో ఇనుపరాడ్లు. మూడోవాడి చేతిలో వేటకొడవలి. పాలు దొంగిలించాడని పోయినేడు ఒక కాపలావాణ్ణి పట్టుకుని కొట్టింది ఈ ముగ్గురే. అతను ఇప్పటికీ చంకకర్రలతోనే నడుస్తున్నాడు.

తేజేశ్వర్ చచ్చిన ఆవుల మధ్య నడిచాడు. ఒకదాని దగ్గర కూర్చుని తల నిమిరాడు. లేచి, పనివాళ్ల వైపు తిరిగాడు.

"దాణా కలిపిందెవురు?"

అందరి కళ్లూ అక్రమ్ మీదికే పోయాయి. దాణా మిషన్ దగ్గర పని అతనిదే. పాలు పితికే షెడ్డులో పనిచేసే అతని భార్య నఫీసా అప్పుడే పరుగెత్తుకొచ్చింది.

అక్రమ్ ఒక అడుగు ముందుకు వేశాడు.

"నేనే సార్. కానీ..."

దెబ్బ మూతి మీద పడింది.

కొట్టింది ఆ ముగ్గురిలో ఎవరూ కాదు. సూపర్‌వైజర్ నరసన్న. ఇన్నేళ్లలో ఏ పనివాడి మీదా చెయ్యి చేసుకోని నరసన్న. చేతిలో గొడ్లను అదిలించే దుడ్డుకర్ర.

అక్రమ్ కుడిచెయ్యి పైకెత్తాడు. రెండో దెబ్బకు మణికట్టు ఫట్‌మంది. మూడోది మళ్లీ దవడ మీదే. అక్రమ్ పేడలో పడ్డాడు. నోటినిండా రక్తం. నరసన్న ఆగలేదు.

"మూగజీవాల్ని పొట్టన పెట్టుకుంటివి కదరా!"

"వద్దన్నా! సచ్చిపోతాడన్నా!" నఫీసా అతని కాళ్లకు అడ్డం పడింది. నరసన్న ఆమెను పక్కకు తోసి మళ్లీ కొట్టాడు. కర్ర విరిగింది. వేటకొడవలి పట్టుకున్నవాడు కూడా మొహం తిప్పుకున్నాడు.

"ఇంక చాల్లేప్పా నరసన్నా," అన్నాడు తేజేశ్వర్. "వాణ్ణి నా కండ్లముందు నుంచి తీస్కపో."

నరసన్నే అక్రమ్‌ను భుజానేసుకుని పాలవ్యానులో పడుకోబెట్టాడు. నఫీసా ఎక్కింది. గేటు దాటేదాకా శాపనార్థాలు పెడుతూనే ఉంది.

కొంతదూరం పోయాక నరసన్న వ్యాను ఆపాడు. స్టీరింగు మీద తలపెట్టి వెక్కివెక్కి ఏడ్చాడు.

"తిట్టుమ్మా. ఎంతన్నా తిట్టు. నేను కొట్టకుంటే ఆ కొడవలి ఏం చేసేదో నువ్వే చెప్పు. వాళ్ల కోపం సల్లారాలంటే రక్తం పడాల. నా చేతిలో అయితే పానమన్నా మిగుల్తాదనుకుంటి."

నఫీసా మొగుడి తల ఒళ్లో పెట్టుకుని, నరసన్నకు రెండు చేతులూ జోడించింది.

కర్నూలు ఆస్పత్రిలో అక్రమ్ పైదవడనీ కిందిదవడనీ కలిపి తీగలతో బిగించారు. కుడిచేతికి సిమెంటు కట్టు. మాట పెగలదు; పాలు, జావ, ఏదైనా గొట్టంతోనే. నరసన్న పండ్లరసం తెచ్చి ఇచ్చి పోయేవాడు. ఇద్దరికీ కమలాపురం వైపు ఇంకో ఫారంలో పని కూడా మాట్లాడిపెట్టాడు.

"మళ్లా ఈడికి రావద్దమ్మా. తేజేశ్వర్ సారు శానా కోపంగా ఉండాడు," అన్నాడు.

"ఆ అన్న లేకుంటే ఈ మనిషి నాకు దక్కేటోడు కాదు," అని నఫీసా వార్డంతా చెప్పుకుంది.

నరసన్న వచ్చినప్పుడల్లా అక్రమ్ గోడవైపు తిరిగి పడుకునేవాడు. పోయాక మూలిగేవాడు. ఎడమచేత్తో ఏదో వంపుతున్నట్టు సైగ చేసేవాడు. దాహమేమోనని ఆమె నీళ్లు తెచ్చేది. అతను గ్లాసు విసిరికొట్టేవాడు.

"పానం కాపాడినోడి మీద ఇంత కోపమా?" నఫీసా కసిరేది. "నీకు మాట రానీ, మొదట ఆ అన్నతోనే మాట్లాడిస్తా."

తీగలు తీసిన రోజు అన్నంతపనీ చేసింది. ఫోన్ కలిపి, స్పీకరు పెట్టి, అక్రమ్ నోటి దగ్గర పట్టుకుంది.

"ఏమప్పా అక్రమ్, ఎట్లుండావు?" నరసన్న గొంతు.

అక్రమ్ పెదాలు కదిలాయి. మాట ముద్దముద్దగా వచ్చింది.

"నేను యూరియా ఏసినాక మళ్లా నువ్వొచ్చి ఏస్తివని చెప్పబోతాంటే గదన్నా, నా నోరు పగలగొడితివి."