హెబ్రోను పొట్ట

హెబ్రోను పొట్ట కుండలా పొంగింది. కాళ్ళు పుల్లలయ్యాయి. కళ్ళు పచ్చబడ్డాయి. చిట్టమూరు పక్కనున్న ఆ పల్లెలో వైద్యుడితో పని లేకపోయింది. తాగుబోతు అని ఊరే తేల్చేసింది.

తాగుబోతును సంఘం సమాధుల దొడ్డిలో పూడ్చరు. అది సంఘపెద్దల కట్టడి. హెబ్రోనుకు చావంటే భయం లేదు. చనిపోయిన చిన్నకూతురు ఆ దొడ్డిలోనే ఉంది. దాని పక్కన పడుకోవాలి, అంతే ఆయన కోరిక.

భార్య ఎలిశబెతు ఆయన్ని నెల్లూరులో డాక్టరుకు చూపించింది.

"గొర్రెల కార్జానికి పట్టే పురుగమ్మా ఇది. చెరువులో గొర్రెలు మేపుతూ పచ్చి తూటికూర నమిలేవాడంటున్నావే, దాంతోనే లోపలికి పోయింది. కార్జాన్ని రాయి చేసి పెట్టింది" అన్నాడాయన. మందు ఇచ్చాడు గానీ ఆశ ఇవ్వలేదు.

ఆదివారం ఆరాధన అయ్యాక ఎలిశబెతు ఆ మాటే పెద్దల ముందు చెప్పింది. వాళ్ళు నవ్వలేదు, అదే నయం.

"ఆకుకూర తిని పోయినోణ్ణి యాడన్నా చూసినామా?" అన్నాడు పెద్దల్లో పెద్ద దావీదు. "తాగకుండా కార్జం చెడదు తల్లీ. సాక్ష్యం ఉంటే తీసుకురా."

ఎలిశబెతుకు ఒళ్ళు మండింది. తెస్తానంది.

మరుసటి ఆదివారం ముత్యాలయ్యను వెంటబెట్టుకొని వచ్చింది. కాలవ అవతల తుమ్మతోపులో ఒంటరిగా ఉండే మనిషి. ఏనాడూ చర్చి మెట్టెక్కినవాడు కాదు. పెద్దలు కండువాలు సర్దుకున్నారు.

"ఎవరమ్మా ఈయన?" కొత్తగా వచ్చిన పాస్టరుగారు అడిగారు.

"మా ఊరి మొగోళ్ళందరూ ఈయనకి ఎరికే అయ్యగారూ" అంది ఎలిశబెతు. "చెప్పన్నా."

"హెబ్రోనన్న నా గడప తొక్కలేదయ్యా. ఒక్కనాడు కూడా" అన్నాడు ముత్యాలయ్య. తర్వాత పెద్దల వైపు తిరిగి ఒక్కొక్క మొహమే తీరిగ్గా చూశాడు. "ఇంకా ఎవరి సంగతన్నా చెప్పాల్నా?"

"చాల్చాల్లే" అన్నాడు దావీదు. "డాక్టరంతటోడు చెప్పినాక ఇంక మాటేముంది? పురుగే. కూతురి పక్కనే చోటిస్తాం."

పెద్దలందరూ ఆమేన్ అన్నారు. ఇంత ఐకమత్యం ఏ సంఘంలోనూ చూడలేదని పాస్టరుగారు మురిసిపోయి దేవుడికి స్తోత్రం చెప్పారు.

మద్యనిషేధం సాగుతున్న ఆ రోజుల్లో, ఆ చుట్టుపక్కల దొంగసారా కాచేది ముత్యాలయ్య ఒక్కడే.