బండ మీద తెల్ల గుర్తు

"మీ యారాలు చెలకల రైలోళ్లు గుర్తు పెట్టిన్రంట గదా, సంగమ్మా!"

కిరాణా కొట్టు దగ్గర ఎవరో ఈ మాట అనగానే సంగమ్మ చేతిలోని చక్కెర పొట్లం జారి కింద పడింది. యారాలంటే తోడికోడలు కమలమ్మ, చెలకంటే ఆమె మెట్ట చేను. చిరాగ్‌పల్లిలో ఎవరికి మేలు జరిగినా సంగమ్మ ఓర్చుకోగలదు, కమలమ్మకు తప్ప.

హైదరాబాద్ నుంచి ముంబైకి హైస్పీడ్ రైలు వేస్తారని ఊళ్లో కొన్నాళ్లుగా ఒకటే ముచ్చట. పైనుంచి విమానంలో ఫొటోలు తీస్తారట. అందుకోసం అక్కడక్కడ నేల మీద తెల్లగా ఇంటూ గుర్తులు పెడుతున్నారట. పక్క ఊళ్లో ఒకటి పడింది. గుర్తు పడిన భూమికి పరిహారం ఖాయమని, స్టేషన్ కట్టినా అక్కడే కడతారని టీ హోటల్లో తేల్చేశారు.

సంగమ్మ పరుగున వెళ్లి చూసింది. నిజమే. చెలక మధ్యలో, గడ్డి కూడా మొలవని బండ మీద, మంచమంత ఇంటూ గుర్తు.

ఆ బండను చూసి ఇన్నేళ్లూ ఎంత నవ్వుకుందో! అన్నదమ్ములు వేరుపడ్డప్పుడు ఊరి పద్ధతి ప్రకారం అన్న శరణప్ప భూమిని రెండు వాటాలు చేశాడు, తమ్ముడు, అంటే సంగమ్మ మొగుడు నాగప్ప కోరుకున్నాడు. పెద్దవాడు పంచాలి, చిన్నవాడు కోరుకోవాలి. కోరుకున్నాక ఇక పేచీ లేదు. నాగప్ప నోటి వెంట వచ్చింది సంగమ్మ నేర్పిన మాటే. బోరున్న నల్లరేగడి, అల్లం పండే చేను. విస్తీర్ణం కాస్త ఎక్కువన్న పేరుతో రాళ్ల చెలక పెద్దవాళ్లకు మిగిలింది. కమలమ్మ ఆ రోజు ఒక్క మాట అనలేదు.

ఇప్పుడు ఆ రాళ్లే రత్నాలయ్యాయి. సంగమ్మకు ఆ పూట అన్నం సహించలేదు.

మరునాడు పెరుగు తోడు కోసమని వంక పెట్టుకుని కమలమ్మ ఇంటికి వెళ్లింది. ఇల్లు చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. పండగ లేదు, పబ్బం లేదు, గోడలు మల్లెపువ్వులా ఉన్నాయి. రైలు రాకముందే ఇంత వైభోగమా!

"ఏందక్కా, ఇల్లు సింగారించినవ్?"

"మాసిపోయినయి సంగమ్మా. ఎన్నేండ్లాయె సున్నమేసి!"

"ఆ గుర్తు ముచ్చట నాకు చెప్పనే లేదు?"

"చెప్పేటందుకు ఏమున్నది? దాన్ని చూసి నేనైతే ఆశపడుతలేను," అంది కమలమ్మ.

ఆశ లేదట! సంగమ్మ ఒక్క ముక్క నమ్మలేదు.

ఆ వారమే జహీరాబాద్ ఫంక్షన్ హాల్లో రైలు మీద సభ పెట్టారు. రైలొస్తే పిల్లలకు కొలువులు దొరుకుతాయని ఒకరు లేచారు. ఉన్న ప్యాసింజర్‌లోనే నిలబడడానికి జాగా లేదు, ముందు దానికి డబ్బాలు పెంచమని ఇంకొకరు లేచారు. అరుపులు సద్దుమణిగాక కమలమ్మ మైకు అందుకుంది.

"జహీరాబాద్‌ల ఆగుతదో ఆగదో తెల్వని రైలుకు జహీరాబాద్ భూములెందుకు? నా చెలక నేనియ్య!"

హాలంతా చప్పట్లు. తెల్లారి పేపర్లో ఫొటో. ఇన్నేళ్లు నోట్లో నాలుక లేని మనిషికి ఇప్పుడు మైకులు, ఫొటోలు! ఇవ్వను ఇవ్వను అనడం రేటు పెంచడానికేనని సంగమ్మకు అర్థమైపోయింది.

"నీ వదినె ఎంత జాణనో చూసినవా?" అని మొగుడి మీద పడింది. "మార్పిడి అడుగు. మన బోరు చేను వాళ్లకు, బండ చెలక మనకు."

"పిచ్చి లేసిందా? నీళ్లున్న భూమి ఎవరన్న ఇడుస్తరా?"

"ఆమె కారుల తిరుగుతుంటే నేను షేర్ ఆటోల ఇరుక్కుని పోవాల్నా? నీకు జర కూడ రోషం లేదా?"

పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. సంగమ్మకు పొరుగింటి బండ కూడా రుచే. పొయ్యి వెలిగించడం మానేసింది. ఆకలికి ఆగలేక నాగప్ప అన్న దగ్గరికి వెళ్లాడు.

కమలమ్మ మొదట ఒప్పుకోలేదు.

"వద్దు సంగమ్మా. నీళ్లున్న భూమి అది. రేపు నన్ను అనొద్దు."

ఆ మాటతో సంగమ్మ పట్టు ఇంకా బిగిసింది. చివరికి పెద్దమనుషులు కూర్చున్నారు. "చిన్నోడు మళ్ల కోరుకుంటున్నడు, కానియ్యున్రి," అన్నాడు శరణప్ప. ఇక ఈ జన్మలో మార్పిడి మాట ఎత్తకూడదని పెద్దమనుషులు అందరి చేతా ఒప్పించారు. అందరికంటే ముందు తల ఊపింది సంగమ్మే. పట్టాలు మారిపోయాయి.

ఇప్పుడు సంగమ్మ పొద్దున్నే గొడుగు పట్టుకుని బండ దగ్గరికి పోతుంది. మేకలు తొక్కకుండా కర్రతో అదిలిస్తుంది. మబ్బు పడితే గుర్తు మీద గోనెపట్టా కప్పుతుంది. పైన ఏదైనా మోత వినబడితే పట్టా లాగేసి, చెంగు సర్దుకుని ఆకాశం వైపు చూస్తుంది.

గట్టు అవతల కమలమ్మ మోటరు వేసింది. అల్లం మడిలోకి నీళ్లు పారుతుంటే శరణప్పకు ఇంకా నమ్మకం కుదరడం లేదు.

"ఇన్ని భూములుండంగ, రైలోళ్లకు మన బండే ఎట్ల దొరికిందే?"

"ఎవలకెర్క?" అంది కమలమ్మ, పారే నీళ్లలో కాళ్లు పెట్టుకుంటూ.

ఇంటి గోడలకు వేయగా బకెట్లో మిగిలిన సున్నంతో ఆ గుర్తు గీసింది తానేనని ఆమె కట్టుకున్న మొగుడికి కూడా చెప్పలేదు.